పది అడుగుల వెడల్పు గదిలో పడక, ఆఫీసు, భోజనం: గోడకు అమర్చే బహుళోపయోగ చెక్కపని ఎలా రూపొందించుకోవాలి

పాతకాలపు మట్టి, సున్నపు ఇళ్లలో గోడ ఒకటిన్నర అడుగు మందాన తక్కువ కాకుండా ఉండేది. దీపపు గూడు, దేవుడి గూడు, రెక్కల తలుపులున్న గోడ బీరువా ఆ మందంలోనే ఇమిడిపోయేవి కాబట్టి అవి గదిలో జానెడు నేలను కూడా తీసుకునేవి కావు. వీధి అరుగు పగలు కూర్చునే చోటు, వేసవి రాత్రి పడక. ఇప్పటి ఫ్లాటులో బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు. గోడలో తొలుచుకోవడానికి ఏమీ మిగలలేదు గనుక, మనం చేయించే ప్రతి అరా గదిలోకి ముందుకు వచ్చి నేలను తింటుంది. అందువల్ల ఆ నేలకు బదులుగా అది ఒక్క పని కాక రెండు మూడు పనులు చేయవలసి ఉంటుంది.

ఈ వ్యాసానికి ఒక నమూనా గదిని తీసుకుందాం. అది హైదరాబాదు ఫ్లాటులోని 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది. పొడవాటి గోడలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఒక పొట్టి గోడకు కిటికీ, ఎదుటి పొట్టి గోడ మూలన 3 అడుగుల తలుపు ఉన్నాయి. ఇద్దరు మనుషులు అక్కడే నిద్రపోవాలి, ఒకరు అక్కడే రోజుకు ఎనిమిది గంటలు ఉద్యోగం చేయాలి, ఇద్దరూ అక్కడే భోంచేయాలి. కొలతలు మీ గదికి మారతాయి గానీ లెక్క కట్టే పద్ధతి మారదు.

1. గది దినచర్యను కాగితం మీద పెట్టండి

కొలత టేపు తీయకముందే ఒక కాగితం మీద 24 గడులు గీసి, ఏ గంటకు ఎవరు ఏమి చేస్తారో నింపండి. ఆ తరువాత ఒక పని నుంచి మరో పనికి గది మారే చోట్ల గీత పెట్టండి. నమూనా గదిలో అలాంటివి నాలుగు ఉన్నాయి: ఉదయం పడక దివానుగా మారడం, ఆఫీసు తెరవడం, ఆఫీసు మూయడం, రాత్రి దివాను పడకగా మారడం. ప్రతి మార్పు దగ్గర ఎన్ని వస్తువులను చేత్తో ఎత్తి వేరేచోట పెట్టాలో రాయండి.

మడిచే సామానును నిలబెట్టేదీ కూల్చేదీ ఈ అంకే. బల్లను మడవాలంటే ముందు దానిమీది లాప్‌టాప్, కాగితాలు, నీళ్ల సీసా, మందుల డబ్బా తీయవలసి వస్తే, ఆ బల్లను మొదటి వారం మడుస్తారు, రెండో నెల నుంచి మడవరు. రాత్రి పదకొండు గంటలకు కళ్లు మూతలు పడుతున్న మనిషి ఆ మార్పును రెండు కదలికల్లో ముగించగలగాలి. అంతకు మించితే ఆ నమూనాను పక్కన పెట్టండి, అది బొమ్మలో ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

దీని నుంచి ఒక సూత్రం వస్తుంది. వస్తువులు పేరుకునే ఉపరితలాన్ని మడవకూడదు, దానికి తలుపు వేసి మూయాలి. వస్తువులు నిలవని ఉపరితలాన్ని మాత్రమే మడవాలి. కాబట్టి ఈ గదిలో ఆఫీసు బల్ల కదలదు, భోజనపు బల్ల మడుచుకుంటుంది, పడక సాగుతుంది.

ఏమి పెట్టకూడదో తేల్చుకోవడం కూడా ఈ దశలోనే జరగాలి. చండీగఢ్ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే 1952 నాటికి ఫ్రాన్సులోని సముద్రతీరంలో తనకోసం కట్టుకున్న చెక్క గది ప్రతి వైపూ 3.66 మీటర్లు, అంటే దాదాపు మన 12 అడుగులు. దాని ఎత్తు 2.26 మీటర్లు. సొరుగులున్న మంచం, బల్ల, బట్టల అర, చేతులు కడుక్కునే తొట్టి అన్నీ అందులో ఇమిడాయి, కిటికీ రెక్కల లోపలివైపు అద్దాలు కూడా ఉన్నాయి. అయితే వంటిల్లు లేదు. ఆయన పక్కనే ఉన్న భోజనశాలలో తినేవాడు. ఆ గది అంత చక్కగా కుదరడానికి ఆ లోటే సగం కారణమని నా అభిప్రాయం.

2. గదిని కొలవండి, బిల్డరు ప్లానును నమ్మకండి

ప్లానులో 10 అడుగులని ఉన్న వెడల్పు రెండు వైపులా పూత పడ్డాక 9 అడుగుల 10 అంగుళాలకు దిగడం మామూలే. ప్రతి వెడల్పునూ నేల దగ్గర, నడుము ఎత్తున, తల పైన మూడు చోట్ల కొలిచి, వాటిలో చిన్నదాన్ని తీసుకోండి. మూలలు లంబంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలవండి. అది సరిగ్గా 5 అడుగులు ఉండాలి. ఎక్కువ ఉంటే మూల విచ్చుకుంది, తక్కువ ఉంటే ముడుచుకుంది. నేల వాలును రసమట్టంతోనూ, గోడ నిలువును గుండుతోనూ చూడండి. గోడకు ఆనే పెట్టెకు రెండు చివరలా 10 నుంచి 15 మిల్లీమీటర్ల వదులు ఉంచి, ఆ సందును చివర్లో గోడ ఆకారానికి చెక్కిన పట్టీతో మూయాలి. వదులు లేకుండా గీసిన పెట్టె వంకర గోడల మధ్య పట్టదు.

తలుపు చట్రం, కిటికీ గట్టు, స్కర్టింగు టైల్ మందం, స్విచ్ బోర్డులు, ఏసీ, ఫ్యాను రెక్కల ఎత్తు తప్పకుండా రాసుకోండి. నేను మొదటిసారి గీసిన బీరువాలో సొరుగు ముందుకు వచ్చి తలుపు చట్రం పట్టీకి తగిలి సగంలోనే ఆగిపోయింది. ఆ పట్టీ మందం ముప్పావు అంగుళమే, కానీ నా కాగితంలో అది లేదు.

కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాయడం మంచిది. వడ్రంగి అడుగులు, అంగుళాల్లో మాట్లాడినా, రంపపు యంత్రం, అతుకు సామాను రెండూ మిల్లీమీటర్లనే పాటిస్తాయి.

3. నేల లెక్క తేల్చండి

ఈ గదిలో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క అడ్డంగా వేసే ఈ కూడిక. వెడల్పు 120 అంగుళాలు. ఒక పొడవాటి గోడ వెంట 24 అంగుళాల లోతున బీరువా, పుస్తకాల అర, ఆఫీసు బల్ల వరుసగా వస్తాయి. ఎదుటి గోడ వెంట దివాను మూసినప్పుడు 32 అంగుళాలు, సాగదీసినప్పుడు 60 అంగుళాలు. పగలు మధ్యలో 64 అంగుళాల నేల మిగులుతుంది. రాత్రి 36 అంగుళాలు. కుర్చీ వెనక్కి జరిపి కూర్చోవడానికి దాదాపు 30 అంగుళాలు చాలు కాబట్టి, ఒకరు నిద్రపోతుండగా మరొకరు బల్ల దగ్గర పని చేసుకోగలరు. పూతలవల్ల 2 అంగుళాలు పోయినా ఈ మాట నిలుస్తుంది. దివానును మరో అరడుగు పెంచితే నిలవదు.

పొడవు వైపు దివాను కిటికీ గోడ నుంచి 78 అంగుళాలు వస్తుంది. తలుపు వైపు 66 మిగులుతాయి. అందులో 36 తలుపు తిరగడానికి పోగా, గోడ మీద 30 అంగుళాల పట్టీ భోజనపు బల్లకు దొరుకుతుంది. ఎదుటి వరుసలో తలుపు వైపున 4 అడుగుల బీరువా, నడుమ మూడున్నర అడుగుల పుస్తకాల అర, కిటికీ పక్కన నాలుగున్నర అడుగుల ఆఫీసు బల్ల. అలా పెడితే వెలుతురు బల్లకు పక్కనుంచి వస్తుంది, కంప్యూటరు తెర మీద మెరవదు.

ఇదంతా కాగితం మీద కుదిరాక నేల మీద సుద్దతో గాని, రంగు టేపుతో గాని అసలు కొలతల్లో గీయండి. పాత వార్తాపత్రికలు అతికించి దివాను పరిమాణంలో పరచండి. రెండు రోజులు ఆ గీతలను గౌరవిస్తూ గదిలో మసలండి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షలో బయటపడే తప్పును తరువాత ప్లైవుడ్‌లో దిద్దాలంటే వేలల్లో అవుతుంది.

4. సాగే దివాను

గోడలోకి నిలువుగా లేచిపోయే మంచాన్ని చాలామంది మొదట అడుగుతారు. ఒంటరి మనిషి గదికి అది బాగానే ఉంటుంది. ఇద్దరుండే గదిలో నేను దాన్ని వద్దంటాను: మంచం లేచాక కూర్చోవడానికి మరో ఆసనం కొనాలి, దాని యంత్రం బరువంతా గోడలోని బోల్టుల మీద పడుతుంది, పైగా ఉదయం ఇద్దరూ ఒకేసారి లేవాలి.

సాగే దివానులో రెండు వరుసల చెక్క పలకలు దువ్వెన పళ్లలా ఒకదాని సందుల్లో మరొకటి ఇమిడి ఉంటాయి. ఒక వరుస గోడ వైపు పట్టీకి, ముందు అడ్డదూలానికి బిగించి ఉంటుంది. రెండోది ముందుకు లాగే పలకకు బిగించి, ఆ అడ్డదూలం మీద జారుతుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. మూసినప్పుడు 30 అంగుళాలు ఉన్న దివాను తెరిస్తే 60 కావాలని గీస్తారు. కానీ కదిలే పలకల వెనక కొసలు అడ్డదూలం మీద కనీసం 4 అంగుళాలు ఆని ఉండాలి, లేకపోతే పడుకున్నవారి నడుము కింద పరుపు కుంగుతుంది. అందుకే మూసిన లోతు 32 అంగుళాలు, లాగేది 28 అంగుళాలు. కలిపితే 60, ఆనికకు 4 మిగులుతాయి. అంతకు మించి జారకుండా అడ్డదూలం వెనక ఒక ఆపుడు చెక్క తప్పనిసరి.

పలకలు ప్లైవుడ్ కాక ఎండిన గట్టి కర్రవై, 75 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉండాలి. సందు వాటి వెడల్పు కంటే 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. వానాకాలం కర్ర ఉబ్బినప్పుడు జారుడు బిగుసుకుపోకుండా ఆ నాలుగే కాపాడతాయి. పరుపు 78 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందాన రెండు ముక్కలుగా కుట్టించండి. పగలు ఒకటి ఆసనం, దానిమీద గోడకు నిలబెట్టిన రెండోది వీపు ఆనడానికి. ఆసనం లోతు ఇంకా ఎక్కువగా అనిపిస్తే బాలీసులు వేసుకోవచ్చు. చట్రం 12 అంగుళాలు, పరుపు 4 కలిసి ఎత్తు 16 అంగుళాలు అవుతుంది; మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వచ్చే ఇల్లయితే దాన్ని 18 చేయండి.

దివాను కింది జాగాలోకి ముందు నుంచి చేరలేము, ఎందుకంటే ముందు పలక కదులుతుంది. పాదాల వైపు కొస తెరిచి ఉంచి, చక్రాలున్న తక్కువ ఎత్తు పెట్టెను అక్కడినుంచి లాగేలా చేస్తే దుప్పట్లు, దిండ్లు అందులో సరిపోతాయి. అప్పుడు రాత్రి మార్పు నిజంగా రెండు కదలికలే: పలక లాగడం, పరుపు వాల్చడం.

5. మూసే ఆఫీసు

బల్ల పైతలం నేల నుంచి 29 అంగుళాలు, లోతు 24, వెడల్పు 54. మోకాళ్లకు బల్ల కింద కనీసం 26 అంగుళాల ఎత్తు ఖాళీ కావాలి కాబట్టి మధ్యలో సొరుగు పెట్టకూడదు. కావాలంటే ఒక పక్కన పెట్టండి. కంప్యూటరు తెర కళ్లకు 20 నుంచి 28 అంగుళాల దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తున గాని కొద్దిగా కింద గాని ఉండాలి. ఆ ప్రకారం బల్లకు 20 అంగుళాల పైనుంచి మాత్రమే అరలు మొదలుపెట్టి, వాటి లోతు 12 అంగుళాలకు మించనీయకండి.

మూయడానికి రెండు జతల మడత తలుపులు సరిపోతాయి. 54 అంగుళాల తెరపును నాలుగు రెక్కలుగా చేస్తే ఒక్కొక్కటి పదమూడున్నర అంగుళాలు వచ్చి, తెరిచినప్పుడు జతలుగా రెండు పక్కలా ఒదిగిపోతాయి. సాయంత్రం కాగితాలు కదల్చకుండానే ఆఫీసు మాయమవుతుంది. రెక్కల్లో పైనా కిందా గాలి రంధ్రాలు వదలండి, ఛార్జర్లు వేడెక్కుతాయి.

మరొక సంగతి గీతల్లో కనిపించదు. బల్ల దగ్గర కూర్చున్నవారి వెనక ఉండేది దివాను, కాబట్టి వీడియో సమావేశంలో మామగారి మధ్యాహ్నపు కునుకు ఆఫీసంతటికీ కనిపిస్తుంది. కిటికీ గోడ నుంచి ఎదుటి గోడ దాకా, దివాను గోడకు 60 అంగుళాల దూరంలో, 7 అడుగుల ఎత్తున స్టీలు తీగ బిగించి గుడ్డ తెర వేయండి. అది ఫ్యాను రెక్కల కిందుగా పోతుంది. పగలు సమావేశానికి, రాత్రి దీపపు వెలుతురు నిద్రపోయేవారి మీద పడకుండా ఉండడానికి అదే తెర పనికొస్తుంది.

6. భోజనపు బల్ల, అరలు, అటక

గోడకు 5 అంగుళాల లోతు పలుచని పెట్టె బిగించి, దాని మూతనే 29 అంగుళాల ఎత్తున కిందివైపు కీలుతో వాల్చితే 30 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల లోతు బల్ల అవుతుంది. పెట్టెలో ఉప్పు, ఊరగాయ సీసాలు, గ్లాసులు పడతాయి. బల్లను కింద మోసే మడత బ్రాకెట్ల జతకు రాసి ఉన్న బరువులో సగానికే లెక్క కట్టండి, ఎందుకంటే మనుషులు బల్ల అంచు మీద చేతులు మోపి లేస్తారు.

పుస్తకాల అర ఒక్క అడుగు పొడవుకు సుమారు 8 నుంచి 10 కిలోల బరువు మోస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండున్నర అడుగులు దాటితే కుంగుతుంది. ఒకే తీరున పరిచిన బరువు కింద పొడవు రెట్టింపైతే కుంగుబాటు పదహారు రెట్లవుతుంది కాబట్టి, మూడున్నర అడుగుల అరకు మధ్యలో నిలువు పలక పెట్టండి.

7 అడుగుల పైన అటక. కింది బీరువా, అటక వేర్వేరు పెట్టెలుగానే చేయించాలి. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న గదిలో అంతే ఎత్తున, 2 అడుగుల లోతున ఒకే పెట్టె నేల మీద బిగిస్తే, దాన్ని నిలబెట్టేటప్పుడు ఎదురుమూల కొలత 116 అంగుళాలు దాటుతుంది, పైకప్పు 114 దగ్గరే ఉంటుంది. పెట్టె లేవదు.

దేవుడి గూడు ఈ వరుసలోనే కావాలంటే, దీపం పెట్టే చోట రాతి పలక వేసి, పైన మూసిన చెక్క రాకుండా చూడండి.

7. చెక్క, అతుకులు

ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 2440, 1220 మిల్లీమీటర్లు. బీరువా లోతు 24 అంగుళాలని రాస్తే 609.6 మిల్లీమీటర్లు, రెండు ముక్కలకు 1219 పోయి రంపానికి 3 మిల్లీమీటర్లు మిగలవు, షీటుకు ఒక్క ముక్కే వస్తుంది. అదే 600 అని రాస్తే రెండు వస్తాయి. ఆ 10 మిల్లీమీటర్లను ఎవరూ గమనించరు, షీట్ల లెక్క మాత్రం సగానికి దిగుతుంది.

నేలకు తగిలే పీఠానికి, స్నానాల గదిని ఆనుకున్న గోడ వైపుకు, వాన తగిలే బయటి గోడకు ఐఎస్ 710 గుర్తున్న, నీటిని తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్ వాడండి. మిగతా లోపలి భాగాలకు సాధారణ వాడకపు రకమైన ఐఎస్ 303 చాలు. ముద్ర ఒక్కటే చూసి తృప్తి పడకుండా, కోసిన అంచులో లోపలి పొరల మధ్య ఖాళీలు ఉన్నాయేమో చూడండి. 6 అడుగులు దాటిన తలుపులకు బ్లాక్‌బోర్డు (మధ్యలో కర్ర పట్టీలు పేర్చిన పలక) తక్కువగా వంగుతుంది. బయట 1 మిల్లీమీటరు లామినేట్ అతికిస్తే లోపల కూడా 0.8 అతికించాలి, ఒక్క ముఖానికే వేస్తే తలుపు విల్లులా వంగుతుంది.

సొరుగు ఛానళ్లకు ఒక్కో పక్క 12.7 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి కాబట్టి సొరుగు పెట్టె తెరపు కంటే 26 మిల్లీమీటర్లు తక్కువ వెడల్పున చేయాలి. తలుపు 3 అడుగుల ఎత్తు దాకా రెండు కీళ్లు, 5 అడుగుల దాకా మూడు, 7 అడుగుల తలుపుకు కనీసం నాలుగు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి మామూలు కీళ్లు త్వరగా తుప్పు పడతాయి, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. చెదలు నేల అంచుల నుంచి ఎక్కుతాయి కాబట్టి ప్లైవుడ్‌ను నేల మీద నేరుగా ఆనించకుండా గ్రానైటు పట్టీ మీద గాని, ప్లాస్టిక్ కాళ్ల మీద గాని నిలపండి.

8. గోడ, కరెంటు

గోడ దేనితో కట్టారో డ్రిల్లు పొడి చెబుతుంది. ఎర్ర పొడి వస్తే ఇటుక. తెల్లని మెత్తటి పొడి రాలుతూ డ్రిల్లు సులువుగా దిగిపోతే తేలికపాటి ఏఏసీ దిమ్మెలు. వాటిలో సుత్తి దెబ్బ ఆపి, తిప్పుడు మీదే రంధ్రం చేసి, పొడవాటి నైలాన్ యాంకర్లు వాడాలి. డ్రిల్లు మొరాయించి బూడిద రంగు పొడి వస్తే కాంక్రీటు. గోడ ఏదైనా బరువు నేల మీదికి దిగాలి. గోడ పని పెట్టె ముందుకు పడకుండా పట్టుకోవడమే.

స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం చేయకండి, తీగల గొట్టాలు సాధారణంగా అక్కడే ఉంటాయి. వడ్రంగి రాకముందే ఎలక్ట్రీషియన్ పని పూర్తి కావాలి. బల్లకు 4 అంగుళాల పైన సాకెట్లు, 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఇన్వర్టరు బ్యాటరీని దివాను కింద మూసిన పెట్టెలో ఎప్పుడూ పెట్టవద్దు. ఛార్జింగులో లెడ్ ఆసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజను వస్తుంది.

అద్దె ఇల్లయితే జిగురుకు బదులు విప్పే బోల్టులతో చేయించి, ఏ ముక్కా మీ లిఫ్టు లోపలి కొలత దాటకుండా చూసుకోండి.

9. పని అప్పగించడం

చదరపు అడుగు లెక్కన మాట్లాడుకునేటప్పుడు ఆ అడుగు ఎదుటి ముఖానిదా, లోపలి పలకలన్నిటిదా అన్నది కాగితం మీద రాయించండి. తగవులు ఎక్కువగా అక్కడే వస్తాయి. ప్రతి ముక్క పొడవు, వెడల్పు, ఏ అంచులకు పట్టీ వేయాలో రాసిన కోత జాబితా మీరే తయారు చేసి, మొదటి షీటు కోసేటప్పుడు దగ్గర ఉండండి. దివాను చట్రాన్ని లామినేట్ అతికించకముందే గదిలో పెట్టి, ఇద్దరూ దానిమీద ఒక రాత్రి పడుకుని చూడాలి. ఎక్కడ కిర్రుమంటుందో అప్పుడు తెలుస్తుంది, అప్పుడు దిద్దడం సులువు.

చివరి విడత సొమ్ములో కొంత భాగం మొదటి వానాకాలం దాటే వరకు ఆపుకుంటామని ముందే ఒప్పుకోండి. చెక్క ఉబ్బి తలుపులు ఒరుసుకునేది అప్పుడే. కీళ్ల మరలు తిప్పి సర్దడానికి వడ్రంగి మళ్లీ రావాలి. మిగిలిన లామినేట్ ముక్కలను, వాటి వెనక ఉన్న నంబరుతో సహా అటక మీద దాచండి. రెండేళ్ల తరువాత ఒక అంచు లేచిపోతే అదే రంగు దుకాణంలో దొరుకుతుందన్న భరోసా లేదు.